ఆకుపచ్చ పేక

“ఆ తునక ఇటియ్యమని పొద్దటిసంది నాలుగుసార్లు అడిగిన. నీకు ఇనబడ్తలేదా?”

“ఇనబడ్తాంది అమ్మా. ఇయ్యనని నేను గూడ నాలుగుసార్లు చెప్పిన.”

“దేవత చీర నేసినంక మిగిలిన తునక అది. ఇంట్ల ఉండాలె. ఆఫీసుల చెక్కకు అంటించుకుంటరా ఎవరన్న?”

మంజులత ఒడిలోని పలకను ఇంకా దగ్గరికి లాక్కుంది. జానెడు చెక్క. దాని మీద ముడత లేకుండా జిగురుతో అంటించిన నెమలికంఠం రంగు గుడ్డ. నిలువు పోగులు నీలం పడుగు, అడ్డం పోగులు ఆకుపచ్చ పేక. ఇటు వంచితే నీలం, అటు వంచితే ఆకుపచ్చ.

“అంటించి రెండు నెలలైంది. ఇప్పుడు పీకితే చినుగుతది.”

“చినగనీ.”

వాకిట్లో రాట్నం ఆగిపోయింది. అవ్వ నర్సింగమ్మ తలెత్తి కోడలి వైపు చూసింది. మగ్గం ఉన్న ఇంట్లో బట్ట చినగనీ అన్న మాట ఎవరి నోటా రాదు. కోపంలో కూడా రాదు.

“ఏందే సుభద్రా, పానం మంచిగ లేదా?”

సుభద్రమ్మ కొంగు దులుపుకొని వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు అవసరం లేకుండానే చప్పుడు చేశాయి.

అరుగు మీద కూర్చొని గడ్డం గీసుకుంటున్న ఐలేశం అద్దంలోంచే చెల్లెలిని చూసి నవ్వాడు. నకిరేకల్ మార్కెట్లో కాంటా దగ్గర గుమాస్తా పని అతనిది. ఆదివారం ఒక్కరోజే ఇంటిపట్టున ఉంటాడు.

“అమ్మ దేవతకు భయపడ్తాందో, నీ కంప్యూటర్‌కు భయపడ్తాందో సమజైతలేదు.”

“నువ్వు జర అద్దంల చూసి గీసుకో. చెంప తెగుతది,” అంది మంజులత.

నిన్న సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి అమ్మ ఇట్లాగే ఉంది. పలకను చూడగానే మొహం తిప్పుకుంది. పొద్దున మంజులత స్నానం చేసి వచ్చేసరికి అది సంచిలో లేదు. వెతికితే బియ్యం డబ్బా వెనక దొరికింది.

రేపు మధ్యాహ్నం బస్సుకు పోవాలి. పోయేలోగా ఆఫీసు కాగితం మీద బాపు సంతకం కావాలి. ఆ కాగితం లేకుండా రావద్దని సారు మరీ మరీ చెప్పాడు.

* * *

సీతారాములు మార్కండేయ గుడి నుంచి వచ్చేసరికి ఎండ ముదిరింది. కాళ్లు కడుక్కొని, కండువాతో మొహం తుడుచుకొని, కంచం ముందు కూర్చున్నాడు.

“కులపెద్ద జానన్న కలిసిండు,” అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. “వచ్చే ఏడు కల్యాణానికి గూడ అమ్మవారి చీర మనింట్లనే నెయ్యాల్నట. గట్ల మెరిసే చీర ఎన్నడూ కట్టలేదని కులపోళ్లందరు అంటున్నరట.”

ఐలేశం మొహం వెలిగింది. “మరి? మా బాపు చెయ్యి అంటె ఏమనుకున్నరు!”

సుభద్రమ్మ చేతిలోని గరిటె పప్పు గిన్నెలోకి జారిపోయింది. ఆమెకు దాన్ని తీయడానికి చాలాసేపు పట్టింది.

మంజులత సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి రంగుల బొమ్మ. ఒకటి టైపు చేసిన కాగితం.

“బాపూ, ముందు ఇది చూడు. నువ్వు నేసిన బట్టనే. కానీ ఇది ఫోటో గాదు. కంప్యూటర్ల మేము తయారు చేసింది.”

బొమ్మలో ఒక చీర కుర్చీ మీద నుంచి కిందికి జారుతోంది. ఎవరూ నేయని చీర. మడత పడినచోట నీలం, మడత లేచినచోట ఆకుపచ్చ.

సీతారాములు ఎడమచేత్తో దాన్ని అందుకున్నాడు. కూర్చున్నచోటి నుంచే తలుపు వైపు, వెలుతురు పడేటట్టు పట్టుకున్నాడు. కొంచెం ఇటు వంచాడు. కొంచెం అటు వంచాడు. బట్టను చూసినట్టే చూశాడు.

“మారతలేదు.”

“కాగితం మీద మారది బాపూ. అక్కడ తెర మీద చూస్తె, చీరను తిప్పుతుంటె రంగు మారుతది. ఒక్క బొమ్మ తయారుకానీకి ఆరు గంటలు పడ్తది.”

“అంతసేపు ఏం చేస్తది?” అంది అవ్వ.

“వెలుగు ఎక్కడ పడ్తాంది, బట్ట మీదకెల్లి ఎటు పోతాంది, అంతా లెక్క చేసుకుంటది అవ్వా. మొదట్ల మేము చేసిన చీర చూస్తె నువ్వు నవ్వుతుంటివి. అచ్చం ప్లాస్టిక్ బకెట్ లెక్క ఉండె. రంగు సరిగ్గనే ఉంది, మెరుపే పట్టుది గాదు. అందుకే నేను ఈ తునక తీస్కపోయిన.”

ఆమెకు ఉత్సాహం వచ్చింది. ఈ పని గురించి ఇంట్లో ఇంతసేపు ఎవరూ విన్నది లేదు. పాత సైకిల్ రింగు సగానికి కోయించిన సంగతి చెప్పింది. దానికి బ్యాటరీలైటు కట్టి, నడుమ ఈ పలక పెట్టి, లైటును కొంచెం కొంచెం జరుపుతూ ప్రతిచోటా ఫోటో తీసిన సంగతి చెప్పింది. ఏ వాలుకు ఎంత మెరిసిందో అంకెలుగా రాసుకొని, ఆ అంకెలు కంప్యూటర్‌కు ఇస్తారు.

“దీపానికి పట్టి చూసుడే గదనే,” అంది అవ్వ. “మేము చేసేది గదే.”

“గదే అవ్వా. మీరు కన్నుతోని చూసి మనసుల పెట్టుకుంటరు. నేను రాసుకుంట.”

సీతారాములు రెండో కాగితం అందుకున్నాడు. చదువు నాలుగో తరగతితో ఆగినా అక్షరం అక్షరం కూడుకొని చదువుతాడు. ఇందులోని బట్ట పూర్తిగా పట్టుతో నేయబడినదని, దాన్ని నేసినది తానేనని ధ్రువీకరించాలి. పట్నంలోని ఒక పెద్ద బట్టల దుకాణానికి వీళ్ల ఆఫీసు చీరల బొమ్మలు తయారుచేసి ఇస్తోంది. మొట్టమొదటి బొమ్మ ఇదే. కింద నేసినవారి సంతకం. ఆ కింద సాక్షి పేరు, మంజులత. దాని పక్కన నేసినవారితో సంబంధం అని ఉన్నచోట నీలం సిరాతో, మంజులత చేతిరాతతో ఒక్క మాట.

ఆయన చూపు అక్కడ ఆగింది. మంజులతకు గుర్తొచ్చింది. ఆ ఖాళీ నింపేటప్పుడు సారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఊరికి వచ్చాక మార్చాలనుకుంది. మరిచిపోయింది.

సీతారాములు కాగితం మడిచి మోకాలి కింద పెట్టుకున్నాడు.

“తిన్నంక చూద్దాం.”

ఆమె రాసిన మాట గురించి ఏమీ అడగలేదు. ఏమైనా అంటే బాగుండుననిపించింది మంజులతకు. ఆమె మళ్లీ పని మాటల్లోకే పోయింది.

“ఒక్కటే తిప్పలైంది బాపూ. దుకాణమోళ్లిచ్చిన పట్టుతోని మన బట్టను పోల్చి చూసినం. పడుగు అచ్చు గుద్దినట్టు కలిసింది. పేకనే కలుస్తలేదు.”

సుభద్రమ్మ అడగకుండానే సీతారాముల కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

“పట్టు మెరిస్తె ఆ మెరుపుల రంగు కలిసి ఉంటది, మెత్తగ ఉంటది. మన పేక మెరుపు తెల్లగ, గాజు లెక్క కొడ్తాంది. బ్యాటరీలైటుల సెల్లులు అయిపోయినయేమో అని మూడుసార్లు మార్చిన. మళ్లీ మొదటికెల్లి ఫోటోలు తీసిన. మూడు వారాలు గదే పని. ఆఖరుకు ఉన్న అంకెలు ఉన్నట్టే వేసిన. బొమ్మ చూసి మా సారు ఎంత మెచ్చుకున్నడో! అచ్చం ముందర పెట్టుకున్నట్టే ఉందన్నడు.” ఆమె తండ్రి వైపు చూసింది. “ఆకుపచ్చ రంగు అద్దేటప్పుడు ఏమన్న కలిపిన్రా బాపూ?”

సీతారాముల చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

“మిషిన్ తప్పు చూపిస్తాందేమో,” అన్నాడు ఐలేశం.

“మజ్జిగ పోస్త,” అంది సుభద్రమ్మ. మజ్జిగ ముంత ఆమె చేతిలో లేదు.

అవ్వ లేచింది. ఆమెకు కళ్లు సరిగా కనపడక నాలుగేళ్లయింది. గోడ పట్టుకుంటూ మంజులత దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

“పలక ఇటు తే. అంచుల ఒక నీలం పోగు, ఒక ఆకుపచ్చ పోగు గుంజియ్యి.”

“ఎందుకవ్వా?”

“గుంజియ్యి బిడ్డా.”

“అత్తా, గిప్పుడెందుకది? అందరు తింటున్నరు,” అంది సుభద్రమ్మ.

అవ్వ పోగులు తీసుకొని పొయ్యి దగ్గర చతికిలబడింది. ముందు నీలం పోగు నిప్పుకు తాకించింది. అది ముడుచుకుపోయి ఆవగింజంత నల్ల పూస అయింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. పట్టు వాసన. ఈ ఇంట్లో పుట్టినవాళ్లందరికీ తెలిసిన వాసన.

తర్వాత ఆకుపచ్చ పోగు. అది భగ్గున మండింది. బూడిద కూడా మిగలనట్టు పోయింది. కాగితం కాలిన వాసన.

అవ్వ కోడలి వైపు తిరగలేదు. కొడుకు వైపు తిరిగింది.

“సీతారాములూ. నీకు తెల్వదారా?”

సీతారాములు సగం అన్నం ఉండగానే కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

* * *

“ఆయనకేం తెల్వదు,” అంది సుభద్రమ్మ. గుమ్మాన్ని ఆనుకొని నిలబడి, నేల వైపు చూస్తూ చెప్పింది. “ఆ దారం కండెలకు చుట్టింది నేను. మగ్గం నాడెల పెట్టిచ్చింది నేను. పాపం నాది.”

“ఎప్పుడు చేసినవు? ఎందుకు చేసినవు?” ఐలేశం లేచి నిలబడ్డాడు.

“కల్యాణం ఇంక పన్నెండు రోజులుందనంగ. పడుగు మగ్గం మీదికి ఎక్కింది. పేక పట్టు జిగురు పోవాల్నని సోడ నీళ్లల ఉడకేసిన. సుతారమైన పట్టు. దగ్గర కూసోని చూసుకోవాలె. నాకు తెల్వదా? ముప్పై ఏండ్లసంది చేస్తున్న. గప్పుడే ఫోన్ దుకాణం లతీఫ్ వచ్చి ఫోనొచ్చిందన్నడు. ఉరికిన. వచ్చేసరికి గంట దాటింది. పట్టు గంజి లెక్క అయింది. కట్టెతోని లేపితే ఏ పోగుకు ఆ పోగు తెగిపోయింది.”

“మరి బాపుకు చెప్పొద్దా?”

“ఎట్ల చెప్పాలె? దేవతకని కులమంత కలిసి ఇచ్చిన పట్టు. జానన్న పసుపు పెట్టి చేతికిచ్చిండు. సుభద్ర చేతుల ఖరాబైందని నలుగుట్ల ఎట్ల నిలబడాలె? మళ్లీ పట్టు తేవాల్నంటె పట్నం పోవాలె. పక్కింటి బషీరున్నీసా పోతుంటె నకిరేకల్‌కెల్లి అచ్చం పట్టు లెక్క ఉండే దారం తెప్పించిన. ఆమెకు గూడ ఎందుకని చెప్పలేదు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు.

“అందరు మెరుస్తాంది మెరుస్తాంది అంటుంటె అమ్మవారి మొహం చూడలేకపోయిన. మూడు నెలలైంది, గుళ్లె అడుగు పెట్టి. మీరెవరన్న చూసిన్రా?”

ఎవరూ చూడలేదు. అమ్మ గుడికి పోవడం లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు.

“గంటసేపు ఏం ఫోనే అది?” అంది అవ్వ. “పొయ్యి మీద పట్టు పెట్టి మరిచిపోయేటంత మాట ఏముండె? ఎవరు చేసిన్రు?”

“అమ్మా, అవ్వ అడుగుతాంది,” అన్నాడు ఐలేశం.

“ఎవరో చేసిన్రు. యాదికి లేదు.”

అమ్మ మంజులత వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండటానికే నేల మీద కళ్లు పెట్టుకుంది. తప్పంతా తన నెత్తిన వేసుకున్న ఈ ఆడమనిషి ఇంకో తప్పును కొంగు కింద దాచిపెట్టి నిలబడి ఉంది. ఊరుకుంటే అది అక్కడే ఉండిపోతుంది. ఎవరికీ తెలియదు.

ఊరుకోవాలనిపించింది. ఆ సంగతి తర్వాత ఎన్నోసార్లు తలుచుకుంది మంజులత. ముందు ఊరుకోవాలనే అనిపించింది.

“నేను చేసిన,” అంది.

“మంజులా, నువ్వూకో,” అంది సుభద్రమ్మ.

“నేనే చేసిన అవ్వా. బాపు నేతగాళ్ల సొసైటీ పని మీద పట్నం వస్తున్నడు, పనిలో పని నా ఆఫీసు చూసి పోతడని అమ్మ ఉత్తరం రాయించింది. వద్దని చెప్పనీకి చేసిన.”

“ఎందుకు వద్దు?”

ఐలేశం అడిగాడు. నిజంగానే అర్థంకాక అడిగాడు. దానితో జవాబు ఇంకా కష్టమైంది.

“ఆఫీసుల... మా నాయినకు బట్టల దుకాణం ఉందని చెప్పిన. ఆ పంచెతోని, ఆ బట్టల మూటతోని బాపు వస్తె...” ఆమె ఆగింది. “అమ్మ ఒప్పుకోలేదు. కన్నతండ్రిని రావద్దంటవా అని ఫోను గొట్టంల ఏడ్చింది. నేను గూడ మొండికేసిన. అందుకే గంటసేపైంది.”

వాకిట్లో కోడి ఒకటి రాట్నం మీదికెక్కి దిగింది. ఎవరూ తోలలేదు.

ఐలేశం చెల్లెలి వైపు చూసి, మళ్లీ చూడలేక అరుగు మీది అద్దం తీసుకొని గోడకు తగిలించాడు. దాని జాగా అది కాదు.

* * *

సీతారాములు మగ్గం గుంట అంచున కూర్చున్నాడు.

“మొదటి కండె నాడెల పెట్టి నాలుగు పోట్లు ఏసిన్నో లేదో, తెలిసింది.”

సుభద్రమ్మ తలెత్తింది.

“పట్టు వేళ్లకు వెచ్చగ ఉంటది. గిది సల్లగ తగిలింది. పట్టు గుంజితె సాగి వస్తది. గిది రాలేదు.” ఆయన తన కుడిచేతి వేళ్లు చూసుకున్నాడు. “ఎందుకు చేసిందో, చెప్తదిలే అనుకున్న. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అని నేసుకుంట పోయిన. చీర అయిపోయింది. నేను అడగలేదు.”

“అడిగితె చెప్తుంటి,” అంది సుభద్రమ్మ.

“తెలుసు. అడిగితె నువ్వు చెప్తవు. నువ్వు చెప్తె నేను మగ్గం ఆపాలె. కల్యాణానికి చీర లేదని జానన్న ముందల నేను నిలబడాలె.” ఆయన గొంతు ఏమాత్రం పెరగలేదు. “గందుకే అడగలేదు. కండె చుట్టింది నువ్వు. నాడె ఏసింది నేను. నీ ఒక్కదానిదే అనకు.”

మంజులత పలకను నేల మీద పెట్టేసింది. మూడు వారాలు తాను అంకెలతో కుస్తీ పట్టిన సంగతి బాపు వేళ్లకు నాలుగు పోట్లలో తెలిసింది. తెలిసీ మూసిపెట్టింది. ఈ తునకను పట్నం తీసుకుపోతుంటే ఆ రోజు ఆయన వాకిట్లోనే ఉన్నాడు. వద్దనలేదు. పట్టు గుడ్డేనా బాపూ అని తనూ అడగలేదు. ఆ ఇంట్లో పుట్టి అలా అడగడమే తప్పనుకుంది.

“బాపూ, ఆ బొమ్మ తీసేయమని సారుకు చెప్త. వేరే తునక ఇస్త. కాగితం చింపేస్త. నీ పేరు రాకుండ...”

“ఆగు.”

ఆయన వెంట తెచ్చుకున్న కాగితం విప్పాడు. వేలితో ఒక్కో వరుసా తడిమాడు. నీలం సిరా దగ్గర వేలు ఆగింది. అవ్వకు చదువు రాదు. సుభద్రమ్మకు రాదు. ఐలేశం దూరంగా ఉన్నాడు. చదివినవాళ్లు ఇద్దరే.

ఆయన పైకి చదవలేదు. కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“అందరు ఇనున్రి,” అన్నాడు మెల్లగా. పక్కింటికి కూడా వినిపించనంత మెల్లగా. “రేపు పొద్దుగాల నేను, మీ అమ్మ గుడికి పోతం. జానన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్తం. చీర అమ్మవారి మీదికెల్లి తీయించి తెస్త. కులమోళ్లు ఏమంటరో అననీ. నన్ను మగ్గం దిగుమంటె దిగుత.”

“బాపూ...” అన్నాడు ఐలేశం.

“ఇంక అయిపోలేదు. ఆ చీర పట్టుకొని మంజుల ఎంబడి నేను పట్నం పోతున్న. సంతకం ఈడ పెట్ట. ఆ సారు ముందల పెడ్త. పడుగు పట్టు, పేక పట్టు గాదని రాసి పెడ్త. మీ మిషిన్ అబద్ధం చెప్పలేదు, చెప్పింది మేమని నా నోటితోని చెప్త.”

సుభద్రమ్మ కొంగు దించింది. ఏదో అనబోయి భర్త మొహం చూసి ఆగిపోయింది.

సీతారాములు లేచి, దండెం మీది పంచె తీసి దులిపాడు. ఉతికిందే, మోకాలి దగ్గర చిన్న అతుకు ఉంది. దాన్ని మడిచి సంచిలో పెడుతూ, కూతురి వైపు తిరగకుండానే అన్నాడు.

“ఆఫీసుల ఎవరన్న అడిగితె జర్రంత ఫికర్ పడకు బిడ్డా. నువ్వు రాసిందే చెప్పు. తెలిసినాయన అని.”